కసూతి — పట్టుపోఁగు చెప్పెడు చరిత్రము

వాత్స్యాయనుఁడు కామసూత్రములందుఁ బేర్కొన్న చతుష్షష్టికళలలో సూచీవానకర్మ మొకటి. 13వ శతాబ్దమువాఁడైన యశోధరుఁడు తన జయమంగళావ్యాఖ్యయందు దీనిని మూఁడు తెఱఁగులుగా విభజించెను. కంచుకాదులను గుట్టుట సీవనము. చినిఁగిన వస్త్రమును బోఁగుతోఁ బూడ్చుట ఊతనము. ఏనుఁగు కంబళ్లు, పఱపులు మొదలగువానిపై సూదితో నలంకారములు కల్పించుట విరచనము. మొదటి రెండును వస్త్రమును నిలుపునవి. మూఁడవది వస్త్రమునకు వస్త్రత్వముకంటె నధికమైన యొక యర్థము నిచ్చునది. కావ్యములను గూర్చి వాడెడు 'విరచనము' అను మాటనే సూదిపనికిని వాడుట గమనింపఁదగినది.

అయినను సారస్వతచరిత్రకారులు తాళపత్రములను, తామ్రశాసనములను, శిలాలేఖములను శోధించినంత శ్రద్ధతో నీ మూఁడవ విరచనమును శోధింపలేదు. దీనికిఁ గారణములు రెండు. సూదిపని చేసినవారిలోఁ బెక్కురు స్త్రీలు. వారు తమ కృతులపైఁ బేరుగాని కాలముగాని వ్రాసికొనలేదు. బట్టయు నల్పాయుష్కమైనది, కట్టఁగాఁ గట్టఁగాఁ జినిఁగిపోవును, లేదా పెట్టెలోనే చిమ్మెటల పాలగును. సాక్ష్యము తక్కువయైనచోట నూహ పెరుఁగుట సహజము. కన్నడదేశపుఁ బ్రసిద్ధ సూచీకర్మమైన కసూతి విషయమున నిట్లే జరిగినది. దాని ప్రాచీనతను గూర్చి గట్టిగాఁ జెప్పుమాటలు పెక్కు. ఆ మాటలకుఁ జూపెడు ప్రమాణములు కొన్ని. ఏ ప్రమాణ మెంతవఱకుఁ జెల్లునో విమర్శించుట యవసరము.

కసూతి ధారవాడ ప్రాంతమున నేఁటికిని నిలిచియున్న పని. బాగలకోట మండలములోని ఇళకల్ పట్టణపుఁ జీరలపై దీనిని విశేషముగాఁ గుట్టుదురు. ఇళకల్ చీరకుఁ గొంగు ఎఱ్ఱని పట్టు. ఒడలు తఱచుగా నూలు లేక నూలుపట్టుల కలనేత. కొంగును ఒడలిని పోఁగునకుఁ బోఁగు కొండివేసి మగ్గముపైననే కలుపుట యచటి సాలెవారి నేర్పు. ఈ కొంగునకు దగ్గఱగాఁ బెద్ద రూపములను, దూరమగుకొలఁది చిన్న రూపములను గుట్టుట సంప్రదాయము. గోపురము, రథము, అంబారీతోఁ గూడిన యేనుఁగు, పల్లకి, తులసికోట, నంది, శంఖము, చిలుక, నెమలి, హంస, తామర, పసిబిడ్డ యూయల ముఖ్యమైన రూపములు. రవికలమీఁదను, బిడ్డల కుంచికలమీఁదను నీ పని కలదు. పెండ్లికూఁతున కిచ్చెడు నల్లచీరకుఁ జంద్రకళి యని పేరు; దానిపైఁ గసూతి యుండుట మర్యాద.

ఈ పనిలోఁ గుట్లు నాలుగు: గవంతి, మురిగి, నేయిగి, మెంతి. గవంతి యనునది రెండుమాఱులు నడచెడు గీఁతకుట్టు. మొదటిమాఱు సూది యొకచోటఁ బైకి, నొకచోటఁ గ్రిందికిఁ బోవును. నడుమ ఖాళీలు మిగులును. తిరిగివచ్చునపు డా ఖాళీలు నిండును. అట్లు పూర్తియైన గీఁత బట్టకు రెండువైపుల నొక్కతీరుననే యుండును. మురిగి మెట్లవలె వంకరలు తిరుగుచు నీ విధముగానే నడచును. ఇదియు రెండు ముఖములఁ దుల్యము. నేయిగి సామాన్యమైన పరుగుకుట్టు. చూచువారికి నేఁతలోనే వచ్చిన పూవువలెఁ గానవచ్చును. మెంతి యనునది రెండు పోఁగులు నొకదానినొకటి యడ్డముగా దాఁటెడు గుణకారపుఁగుట్టు. నిండు మెంతిగింజలు చల్లినట్లుండుటచే నా పేరు. గవంతిమురుగులకు భిన్నముగా మెంతికి వెనుకవైపు వేఱు రూపము వచ్చును. పోఁగు నెక్కువ ఖర్చగును. కావున విస్తారమైన తావులను నింపుటకే దాని నుపయోగింతురు.

ఈ నాలుగింటికిని సామాన్యలక్షణ మొకటి కలదు. బట్టపై ముందుగా నేరూపమును వ్రాయరు. పడుగుపేకల పోఁగులను లెక్కించుచునే కుట్టుదురు. ఇన్ని పోఁగులు మీఁద, ఇన్ని పోఁగులు క్రింద నని కంటితోను వ్రేలితోను గణించుటయే యీ విద్యకుఁ బునాది. మఱియు దారమునకు ముడి వేయరు. మొదటి కొసను, కడపటి కొసను వెనుకటి కుట్లక్రిందనే దూర్చి నిలుపుదురు. ముడి యుండినచో వెనుకవైపు వికారమగును. రెండు ముఖముల తుల్యత భంగమగును.

ఈ పనియందు దాఁగియున్న గణితము ప్రశంసార్హమైనది. నిలువు, అడ్డము గీఁతలతో నైన యొక రూపమును దీసికొన్నచో, దాని సంధిస్థానములను జదరంగపు గళ్లవలెఁ దెలుపు నలుపులుగా భావింపవచ్చును. తెలుపు ప్రక్కన నలుపు, నలుపు ప్రక్కనఁ దెలుపు. సూది పైవైపు కుట్టు వేయునపుడు తెలుపునుండి నలుపునకు, క్రిందివైపు వేయునపుడు నలుపునుండి తెలుపునకుఁ బోవును. కావున ప్రతిగీఁతపై పోవునపు డొక దిక్కునను, వచ్చునపు డెదురు దిక్కునను నడచినచో, నది పైన నొకమాఱు, క్రింద నొకమాఱు తానే నిండును. శాఖ యెదురైనచోట దాని తుదివఱకుఁ బోయి మరలివచ్చి ప్రధానమార్గమును బట్టవలెను. ఇట్లు నడచిన సూది తుదకు బయలుదేఱిన స్థానమునకే చేరును. కుట్టెడు స్త్రీ యీ నియమమును శాస్త్రముగాఁ జెప్పకపోవచ్చును. కాని గోపురమును గుట్టుటకు ముందే యే కొమ్మ నెప్పుడు దాఁటవలయునో మనస్సున నిర్ణయించుకొనక తప్పదు. మన యాలంకారికులు బంధకవిత్వమున నిట్టి నడకలనే మెచ్చుకొనిరి. 9వ శతాబ్దపు రుద్రటుఁడు కావ్యాలంకారమునఁ దురగపదబంధమును జెప్పెను; అందు గుఱ్ఱపు నడకచే నక్షరములు చదరంగపు గళ్లను దాఁటును. అనులోమవిలోమకావ్యములు రెండుదిక్కులఁ జదువఁదగినవి. గవంతి రెండుముఖములఁ జూడఁదగినది. మొదటివానికిఁ బండితులు వ్యాఖ్యలు వ్రాసిరి. రెండవదానికి వ్యాఖ్య లేదు.

ఇఁక ప్రాచీనతను గూర్చిన వాదమునకు వచ్చిన, గసూతి చాళుక్యుల కాలమున నుండెనని చెప్పుట పరిపాటియైనది. కల్యాణచాళుక్యుఁడైన మూఁడవ సోమేశ్వరుఁడు 1127 మొదలు 1138 వఱకుఁ బాలించెను. ఆయన పేర వెలసిన మానసోల్లాసమున వస్త్రోపభోగప్రకరణ మొకటి కలదు. అందు మహాచీన, కళింగాది దేశముల వస్త్రములు పేర్కొనఁబడినవి. దీనినిబట్టి రాజాస్థానమున నానాదేశవస్త్రములు నాదరింపఁబడెనని నిస్సంశయముగాఁ జెప్పవచ్చును. కాని వస్త్రమును జెప్పుట వేఱు, దానిపైఁ గుట్టును జెప్పుట వేఱు. చీనాపట్టు వచ్చినదన్నమాత్రమున గవంతికుట్టు వచ్చినదని సిద్ధాంతము చేయరాదు. తెలుఁగునఁ బాల్కురికి సోమనాథుని బసవపురాణమునను వస్త్రనామములు వరుసగాఁ గలవు. అవియు వస్త్రజాతిచరిత్రకే సాక్ష్యములు, సూచీకర్మచరిత్రకుఁ గావు.

వేదకాలమునకుఁ బోయినను నిదియే జాగ్రత్త వలయును. ఋగ్వేదమునఁ 'బేశస్సు' అను శబ్దము కలదు. శుక్లయజుర్వేదములోని పురుషమేధప్రకరణమునఁ 'బేశస్కారీ' యని యొక వృత్తిస్త్రీ పేర్కొనఁబడినది. ఈ పదమునకు బుటాపని చేయు స్త్రీ యని పెక్కురు పండితు లర్థము చెప్పిరి. ఆ యర్థము నంగీకరించినను, నామె యే కుట్టు కుట్టెనో యా పదమునుండి తెలియదు. కౌటిలీయార్థశాస్త్రమునఁ గౌశేయమును, చీనభూమినుండి వచ్చెడు చీనపట్టమును బేర్కొనుటచేఁ బట్టు ప్రాచీనముననే మనదేశమున నెఱుఁగఁబడినదని సిద్ధించును. మెగస్తనీసు వ్రాతల నాధారముగాఁ జేసికొని స్ట్రాబో, భారతీయులు బంగారపుఁబనిగల వస్త్రములు ధరింతురని వ్రాసెను. ఇవి యన్నియుఁ గలిసి యలంకృతవస్త్ర మీదేశమున మిక్కిలి పురాతనమని స్థాపించును. ఒక్కొక్క కుట్టు వయస్సును స్థాపింపవు.

శబ్దప్రమాణమును జూతము. కసూతి యను పేరునకు రెండు వ్యుత్పత్తులు చెప్పుదురు. కై యనఁగాఁ జేయి, సూతి యనఁగా నూలు; చేతితో నూలిపని కసూతి యని కొందఱు. పారసీకమున లాగుట యను నర్థముగల ధాతువునుండి పుట్టిన కశీదా యను మాటయే కసూతియైనదని మఱికొందఱు. ఆ కశీదాయే కాశ్మీరమునను, తెలుఁగున కసీదాపని యను వాడుకయందును గానవచ్చుచున్నది. రెండవ వ్యుత్పత్తియే నిజమనుకొన్నను, దానిచే విద్యయంతయుఁ బరదేశమునుండి వచ్చినదని చెప్పుట తొందరపాటు. విద్య యొక్క సమష్టినామము కొలువులోను, అంగడిలోను మాఱవచ్చును. లోపలి పరిభాష యంత సులభముగా మాఱదు. నేయిగి నేయుటనుండి వచ్చినది, మెంతి మెంతియే, మురిగి వంపును మెలికను దెలుపు మురి ధాతువుతో సంబంధించినట్లు తోఁచుచున్నది, గవంతి కన్నడమున ముడి యను నర్థముగల గంటు శబ్దమునుండి పుట్టినదందురు. నేయు, మెంతి, మురి యనునవి తెలుఁగువారి చెవికిని జుట్టములే. అనఁగా నీ విద్యను జేసిన చేతులు దేశభాష మాటాడిన చేతులు. ఇంతవఱకు శబ్దప్రమాణము గట్టిది. అయితే యిందొక హెచ్చరికయుఁ గలదు. ముడి పేరుగల కుట్టునఁ దుదమొదల ముడియే లేదు! పదమును మాత్రమే యెఱిఁగి పని నెఱుఁగని పండితుఁడు గవంతిని ముడికుట్టని నిఘంటువునఁ జేర్చుట సంభవము. పదమునకుఁ బదార్థము తోడులేనిచోఁ గోశము కూడ మోసపుచ్చును.

ఈ లెక్కకుట్లు కన్నడదేశమునకే పరిమితములు కావు. 1250 మొదలు 1517 వఱకు మమ్లూకు సుల్తానులు పాలించిన ఐగుప్తదేశమున నారబట్టలపైఁ బట్టుదారముతో లెక్కించి కుట్టిన తునుకలు పెక్కు లభించినవి. వానిలో గవంతివంటి కుట్టే ప్రధానము. ఇంగ్లండున 16వ శతాబ్దమునఁ దెల్లని నారబట్టపై నల్లపట్టుతోఁ జేసిన పని ప్రసిద్ధము. జర్మనీదేశపుఁ జిత్రకారుఁడైన హాన్సు హోల్బైను వ్రాసిన రాణీ జేన్ సీమోరు చిత్రమున (1536) నామె చేతియంచులపై నీ పనిని స్పష్టముగాఁ జూడవచ్చును; ఈ కుట్టునకుఁ దరువాతివా రా చిత్రకారుని పేరే పెట్టిరి. పంజాబుదేశమున మాతామహి మనుమరాలి పెండ్లికై కుట్టెడు 'చోప్' అను నెఱ్ఱని వస్త్రముపైఁ బసుపువన్నె పట్టుతో రెండుముఖములఁ దుల్యమగు కుట్టు కలదు. ధారవాడ, కైరో, లండను, పంజాబు — నాలుగుచోట్ల నొకే యుపాయము! దీనిఁజూచి యెవరు గురువులు, ఎవరు శిష్యులని వివాదపడుట కలదు. కాని నేఁతబట్ట యున్నచోటనెల్ల పడుగుపేకల గళ్లుండును. పైటకును చేతియంచునకును రెండువైపులు కానవచ్చును. కావున రెండువైపులఁ జక్కఁగా నుండెడు కుట్టును స్వతంత్రముగాఁ గనుఁగొనుట యసంభవము కాదు. ఉపాయసామ్యము వంశసామ్యమును స్థాపింపదు.

సామ్యముకంటె భేదమే చరిత్రకు నెక్కువ యుపకరించును. ఆ భేదము పట్టుదారము వలనఁ గలుగుచున్నది. పట్టుపురుగు వదలెడు పోఁగు రెండు సన్నని తంతువులు. వానిని జిగురువంటి పదార్థ మొకటి కప్పియుండును. సబ్బు లేక క్షారజలమున నుడికించినచో నా జిగురు పోయి, బరువున నించుమించు నాలవపాలు తగ్గి, పట్టు మెత్తనై మెఱయును. తంతువు ముక్కోణాకారమగుటచే వెలుతురును జక్కఁగాఁ బ్రతిఫలింపఁజేయును. దానిని గట్టిగాఁ బేనినచో బలము పెరుఁగును, మెఱుపు తగ్గును. పేనక విడిచినచో మెఱుపు పెరుఁగును, తెగుట సులభమగును. పంజాబువా రీ రెండవ మార్గము నవలంబించిరి. ముతక ఖద్దరుపైఁ 'బట్' అనెడు పేనని పట్టుతో, బట్ట వెనుకవైపునుండి పోఁగులు లెక్కించుచు, ముందువైపుఁ బొడుగైన కుట్లు వేయుదురు. దీనికి ఫుల్కారీ యని పేరు. బట్ట కానరాకుండ నింపినచో బాగ్, అనఁగాఁ దోఁట. కుట్లు కొన్ని నిలువుగను, గొన్ని యడ్డముగను వేయుటచే నొకేరంగు పట్టు వెలుతురును బట్టి రెండురంగులుగాఁ దోఁచును. ఆ పట్టు కాశ్మీర, ఆఫ్గన్, వంగదేశములనుండి వచ్చి యమృతసరాది పట్టణముల రంగు వేయఁబడెడిది. 1888లో ఫ్లోరా ఆనీ స్టీలు ఈ పనిని గూర్చి విపులముగా వ్రాసెను. ధారవాడ స్త్రీలకుఁ గావలసినది మెఱుపుతోఁ బాటు గీఁతయొక్క నిక్కచ్చితనము. కావున వారి కుట్టు పొట్టిది, రూపము రేఖాప్రధానము. ఫుల్కారీ వెలుతురును బట్టి బ్రదుకును. కసూతి గీఁతను బట్టి బ్రదుకును. ఒకే ద్రవ్యము రెండు దేశములలో రెండు శైలులైనది.

వేఱొక భేదమును గలదు. హిమాలయప్రాంతమున చంబా రుమాళ్లు ప్రసిద్ధములు. అవియుఁ బేనని పట్టుతో రెండుముఖములఁ దుల్యముగాఁ గుట్టఁబడును. కాని యందుఁ బహాడీచిత్రకారుఁడు బట్టపై మొదట బొగ్గుతో రూపమును వ్రాయును. స్త్రీ దానిని నింపును. అక్కడ రచన యిద్దఱిది. కసూతియందు వ్రాసియిచ్చువాఁడు లేఁడు. తల్లి కుట్టిన గోపురమును జూచి కూఁతురు లెక్కపెట్టి నేర్చుకొనును. తన లెక్క తప్పినచో రూపము మాఱును, లెక్కను బెంచినచో గోపుర మొక యంతస్తు పెరుఁగును. కావున నీ పనియందు విరచనకర్త్రి కుట్టిన స్త్రీయే. ఈ సంగతి చిన్నది కాదు. స్త్రీరచన మన ప్రాచీనసారస్వతమున నంతగా మిగులలేదని విచారించువారు, నామధేయము లేకున్నను స్త్రీలే కల్పించిన రూపములు వేలకొలఁది యొక్క యీ సీమలో మిగిలియున్నవని గ్రహింపవలెను.

కాలనిర్ణయమునకు మార్గమే లేదా యన్నచో, గలదు. అది పోఁగులోనే కలదు. 1856లో విలియం పెర్కిను అను నాంగ్లేయుఁడు కృత్రిమమైన యూదారంగును గనుఁగొనెను. అట్టి రంగులు వేసిన పట్టుదార మున్న వస్త్రము, ఆ భాగమువఱకైనను, ఆ సంవత్సరమునకుఁ బిమ్మటిది. 19వ శతాబ్దాంతమునఁ బశ్చిమదేశములవారు జిగురు తీసినందువలనఁ దగ్గిన బరువును బూరించుటకుఁ బట్టును దగరపు లవణములలో ముంచుచుండిరి. అట్టి పట్టు కాలక్రమమున నిలువునఁ బగిలి పొడియగును. ఇట్టి చిహ్నములను రసాయనపరీక్షచే నేఁడు తెలిసికొనవచ్చును. మంజిష్ఠ, లక్క, నీలి మొదలగు దేశీయవర్ణములు గుర్తింపఁబడినను నంతమాత్రమునఁ బ్రాచీనతను జెప్పరాదు. అవి చాలకాలము వాడుకలోనే నిలిచినవి. రంగు వలన 'ఇంతకు ముందు కాదు' అని చెప్పఁగలము. 'ఇంతకుఁ దరువాత కాదు' అని చెప్పలేము.

పేరును వస్తువును గలిసియున్న చోటు పండితునకు నిధివంటిది. చీనాదేశమున 1972లో మవాంగ్డుయి యను చోట క్రీస్తునకుఁ బూర్వము 2వ శతాబ్దమునాఁటి యొక ప్రభుపత్ని సమాధిని ద్రవ్వఁగాఁ బట్టుపైఁ గొలుసుకుట్టుతోఁ జేసిన వస్త్రములును, సమాధిలో నుంచిన వస్తువుల పట్టిక వ్రాసిన వెదురుబద్దలును గూడ లభించినవి. దీర్ఘాయువు, మేఘారోహణము మొదలగు నర్థములుగల బుటాపేర్లు పట్టికయందుఁ గలవు. ఆ పేర్లుగల వస్త్రములే ప్రక్కన నున్నవి. ఇంగ్లండున 1598లో జేన్ బోస్టాకు అను నామె పట్టుతోఁ గుట్టిన మాదిరిబట్టపైఁ దన పేరును, సంవత్సరమును, ఒక బాలిక జన్మవృత్తాంతమును గుట్టి యుంచెను. ఆ బట్ట నేఁటికి లండను వస్తుప్రదర్శనశాలయం దున్నది. మొదటిదానిఁ బట్టిక రక్షించినది. రెండవదాని నక్షరములు రక్షించినవి. కసూతికిఁ బట్టికయు లేదు, అక్షరములు లేవు. దానిని రక్షించుచున్నవి వృద్ధస్త్రీల జ్ఞాపకములు మాత్రమే.

ఇది తెలుఁగువారికిఁ బరాయివిషయము కాదు. బళ్లారిసీమ 1953 వఱకు మదరాసురాష్ట్రమునను, రాయచూరుసీమ 1956 వఱకు హైదరాబాదురాష్ట్రమునను నుండెను. తెలుఁగుకన్నడములు రెండును నొకే వీథిలో మాటాడఁబడు నూళ్లచట నిప్పటికిని గలవు. తెలంగాణమున, రాయలసీమలో లంబాడీస్త్రీలు నూలుదారములతోఁ బోఁగులు లెక్కించి కుట్టెడు పని వేఱొక భండారము. లెక్కకుట్టునకుఁ బట్టే యుండనక్కఱలేదని యది నిరూపించుచున్నది.

కసూతికి నేఁడు 1999 సంవత్సరపుఁ జట్టము ననుసరించి భౌగోళికగుర్తింపు లభించినది. అది పేరును గాపాడును. పరిభాషను గాపాడుట చట్టముపని కాదు, పండితులపని. ఒక్కొక్క కుట్టు పేరును, అది యే గ్రామమున నే యర్థమున వాడఁబడుచున్నదో, యెన్ని పోఁగుల లెక్కయో, సూది యెచట బయలుదేఱి యెచటికిఁ జేరునో, ఆ చీర తునుకను జెంతనుంచుకొని వ్రాసికొనవలెను. పాఠశాలల పండితులకు దీనికిఁ బెద్దసాధనములు వలదు. తమ బాలికల యవ్వలను, అమ్మమ్మలను నడిగినఁ జాలును. చాళుక్యచక్రవర్తుల పేరు చేర్చినందున నీ విద్యకు గౌరవము పెరుఁగదు, చేర్పనందునఁ దగ్గదు. ముడిలేని దారముతో గోపురమును గట్టి, రెండువైపులనుండి చూచినను దప్పులేకుండ నిలిపిన స్త్రీ పేరు మనకుఁ దెలియదు. ఆమె వాడిన మాటలైనను బోకుండఁ జూచుట యిప్పటివారి ధర్మము.